కడిగిన రాళ్లు

ప్రియమైన చిట్టితల్లికి, అమ్మ దీవెనలు.

క్షేమంగా చేరావా? బూట్లు దులిపి తొడుక్కో, లోపల తేళ్లుంటాయి. వాగుల్లో ఒంటరిగా తిరగకు. మొన్న నువ్వు ఇంటికి తెచ్చిన రాళ్ల సంచులు ఆఫీసుకి చేరాయా? వాటిని చూసే గని తవ్వేస్తారా, ఇంకేమన్నా చూస్తారా? ఊరికే అడిగాలే.

నీ అమ్మ

*

అమ్మా,

బూట్లు దులుపుతున్నాను, ఒట్టు. రాళ్ల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందమ్మా నీకు? విను. వాగులో దొర్లుకొచ్చిన రాయి దొరికితే, అది ఏ గుట్ట నుంచి వచ్చిందో వెతుక్కుంటూ ఎగువకు నడుస్తాం. సుత్తితో పగలగొట్టి లోపలి రంగు చూస్తాం. దొరికిన చోటి నంబరున్న సంచిలో వేస్తాం. చోటు తెలియకపోతే ఎంత మంచి రాయైనా వట్టి రాయే. ఏడో సంచిలో ఆకుపచ్చ మరకల రాయి ఉంది, రాగి జాడ! సోమవారం ఏడో చోట తవ్వే యంత్రం దింపుతున్నారు. పెద్దసారుకి నేనే హామీ ఇచ్చాను.

నీ కూతురు

*

అమ్మా,

మూడు వారాలైంది, జవాబు లేదేం? ఒంట్లో బాగుందా? ఏడో చోట ఎంత లోతుకు వెళ్లినా రాగి లేదు. "మీ పెరటి రాయి పట్టుకొచ్చావా?" అన్నాడు సారు అందరి ముందూ. నెలాఖరుకి నన్ను తీసేస్తారట.

నీ కూతురు

*

నా బంగారుతల్లీ,

తప్పు నీది కాదమ్మా, నాది. సంచులతో ఇంటికొచ్చిన ఆ మధ్యాహ్నం నువ్వు అలిసిపోయి పడుకున్నావు. మట్టిరాళ్లు మోసుకెళితే నా కూతుర్ని ఆఫీసులో ఏమనుకుంటారో అని, సంచులు విప్పి అన్నీ బకెట్లో వేసి బ్రష్షుతో తోమాను. ఆరబెట్టాక ఏది ఏ సంచిదో తెలియలేదు. లేపితే తిడతావని, పట్టినదాన్ని పట్టిన సంచిలో సర్దేశాను.

సోమవారం అని నువ్వు రాసినప్పుడే చెప్పాల్సింది. రెండుసార్లు రాసి చింపేశాను. తిడతావని కాదు. ఏమీ తెలియని మొద్దు అనుకుంటావేమోనని. తలెత్తుకోలేకుండా ఉన్నాను. ఈ ఉత్తరం మీ సారుకి చూపించు. నా పరువు సంగతి వదిలెయ్.

నీ అమ్మ

*

అమ్మా,

చూపించాను. సారు పైకి చదివాడు. "రాళ్లకి తలంటు పోసిందా మీ అమ్మ!" అంటే ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఉద్యోగం నిలిచింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. సంచి మీద నంబరు వేస్తే చాలదు, ప్రతి రాయి మీదా పెయింటుతో అదే నంబరు వేయాలి. మాకు మొదటిరోజే నేర్పుతారు. బస్సు తప్పిపోతుందని నేను ఒక్కదానికీ వేయలేదు. వేసి ఉంటే నువ్వు ఎలా సర్దినా తెలిసిపోయేది. "రాళ్ల మీద నంబర్లేవి?" అని సారు అడిగితే, "అవీ మా అమ్మే తోమేసింది" అన్నాను.

ఈ ఉదయం వెళ్లి అందరి ముందూ నిజం చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నేను రాళ్లు ఏరిన పదకొండు చోట్లూ మళ్లీ తిరిగి కొత్తవి తెమ్మన్నారు. ఆ తర్వాత ఉంచుతారో పంపుతారో తెలియదు.

ఆదివారం వస్తున్నానమ్మా. నన్ను తిట్టాలనిపిస్తే, లోపలికి రానిచ్చాకే తిట్టు.

నీ కూతురు