కంటి రంధ్రాలు లేని ముఖతొడుగు

తమ్ముడు ఫైడిమస్‌కు అన్నయ్య ఆశీస్సులు.

చూపు వేరు, ఎరుక వేరు అని ఏథెన్సు నగరం విషాద నాటకాల ద్వారా తనకు తాను బోధించుకొనే డయోనిసస్ దేవుని వసంతోత్సవం నిన్న ముగిసింది. నాకు ఏడాదిగా చూపు లేదు. తెలిస్తే గాయక బృందానికి నేర్పే పని పోతుందని నీకూ చెప్పలేదు. ఈ ఉత్తరం మన అమ్మాయి మిర్రినే చేత రాయిస్తున్నాను.

నిన్న మా నాటకంలో అంధ ప్రవక్త పాత్రకు కొత్త ముఖతొడుగు వచ్చింది. గుడ్డివాడికి కళ్ళెందుకని చేసినవాడు రంధ్రాలే పెట్టలేదు! ప్రదర్శనకు ముందు అది తగిలించుకొని చూసిన నటుడు రెండడుగులు వేసి, రంగస్థలం మధ్యనున్న బలిపీఠానికి గుద్దుకొని కాలు బెణికించుకొన్నాడు.

"ప్రవక్త లేకపోతే పోటీ వదులుకోవాల్సిందే గురువుగారూ!" అని బృందమంతా గోల పెట్టింది.

పద్యాలన్నీ నాకు కంఠస్థం. ముఖతొడుగు నేనే ధరించాను. ముప్పై ఏళ్ళుగా అడుగులు లెక్కపెట్టిన రంగస్థలం కనుక తిన్నగా నడిచి రాజు పాత్రధారి ఎదుట నిలిచాను.

ముందు వరుసలో ఒకాయన అరిచాడు: "ఏమయ్యోయ్, గుడ్డివాడు అలా నడుస్తాడా? కాస్త తడుముకో!"

"కళ్ళున్నవాణ్ణి దింపితే ఇంతేరా, దొంగచూపులు చూస్తున్నాడు!" అన్నాడు పక్కవాడు.

నవ్వు ఆపుకోలేక నా భుజాలు అదిరాయి. దైవావేశమనుకొని జనమంతా లేచి నిలబడ్డారు. మొదటి బహుమతి మనదే!

ఆ సంతోషంలో బృందానికి నిజం చెప్పేశాను.

"చలికాలం నుంచే తెలుసు గురువుగారూ," అన్నారు వాళ్ళు. "మీరెటు తిరిగి తిడితే అటే వచ్చి నిలబడేవాళ్ళం కదా!"

వాళ్ళకు తెలుసని ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలియలేదు! వచ్చే ఏడూ నేనే నేర్పాలట. ఆ గొంతులూ, వారి వెనుక పాడబోయే బిడ్డల గొంతులూ కలకాలం వర్ధిల్లుగాక.