మౌస్ ముట్టకూడదు

మార్చి 3, సోమవారం

కీబోర్డు బోర్లించి దులిపాను. బిస్కట్ పొడి, గోళ్ల ముక్కలు, ఒక పన్ను. పాలపన్ను కూడా కాదు, పెద్దవాళ్ల పన్నే. ఛీ! మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

గేటుకి కొత్త ఫ్లెక్స్ కట్టారు. మన లైబ్రరీలో ప్రజలకు పదకొండు ఉచిత సేవలట. పిల్లలకు కథలు, చదరంగం, కుట్టు నేర్పడం, వినికిడి పరీక్ష, ఉద్యోగ దరఖాస్తులకు కంప్యూటర్ సాయం, ఇంకా ఏవేవో. వినికిడి మిషన్ అట్టపెట్టె ఇంతవరకు విప్పనే లేదు. కుట్టుమిషన్‌కి సూది లేదు. కంప్యూటర్ సాయం అంటే నేను. ఆరు కంప్యూటర్లు, పనిచేసేవి నాలుగు. మా పై అధికారిని వెనకాల అందరం ఫ్లెక్స్ సారు అంటాం. ఊరికే అనం.

మార్చి 5

ఒకావిడ వచ్చింది. కాలేజీ హాస్టల్లో వంట చేస్తుందట. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. పెద్దాసుపత్రి వంటగదిలో పర్మనెంట్ పోస్టు పడింది, దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలి, పదమూడో తారీకు సాయంత్రం ఐదింటికి ఆఖరు. హాస్టల్ మెస్ ఈ నెలాఖరుకి కొత్త కాంట్రాక్టర్ చేతికి వెళ్తోంది, ఎవర్ని ఉంచుతాడో ఎవర్ని తీసేస్తాడో తెలియదు. ఆసుపత్రి పోస్టుకేమో వయసు నలభై దాటకూడదు, తనకి వచ్చే నెల దాటిపోతాయి. ఇంక నాకిదే ఆఖరుది అక్కా, కాస్త నువ్వు కొట్టిపెట్టవా అంది. నాకంటే పెద్దదే, అయినా అక్కా అంది.

రూలు చెప్పాను. మేము నోటితో చెప్తాం, మౌస్ ముట్టకూడదు. జనం సొంతంగా నేర్చుకోవాలని ఫ్లెక్స్ సారు పెట్టిన రూలు. నిజం చెప్పాలంటే రూలు లేకపోయినా నేను ముట్టను. ఊరందరి చేతుల జిడ్డూ దాని మీదే.

బయట నెట్ షాపుకి వెళ్లమన్నాను. గేటు మీద ఉచితం అని ఉంది కదా అంది.

మార్చి 6

ఫారం తొమ్మిది పేజీలు. మనిషికి రోజుకి ముప్పావుగంట టైమ్. అది అవగానే స్క్రీన్ దానంతటదే మూసుకుంటుంది, అప్పటిదాకా కొట్టిందంతా గోవిందా. టైమ్ పెంచే పాస్‌వర్డ్ నా టేబుల్ మీది కంప్యూటర్లో ఉంది. సారు చెప్తేనే వాడాలి.

వంటావిడ ఒంటి వేలితో రెండు పేజీలు చేసింది. మూసుకుపోయింది. సరే, రేపొస్తా అంది.

మార్చి 7

పేపర్ల గదిలో ఉమ్మి తడితో పేజీలు తిప్పే పెద్దమనిషి. రెండో కంప్యూటర్ దగ్గర గోళ్లు కొరికి ఊసే కుర్రాడు. గోళ్ల రహస్యం తేలింది. పన్ను ఎవరిదో ఇంకా తేలలేదు.

పదకొండింటికి ఫ్లెక్స్ సారు తోడల్లుడు దిగాడు. కుటుంబంతో విహారానికి వెళ్తారట, గెస్ట్‌హౌస్ బుక్ చెయ్యాలట. కాస్త నువ్వే చూసుకోమ్మా అన్నారు సారు. కూర్చున్నాను. మౌస్ పట్టుకున్నాను. పది వేళ్లూ పనిచేశాయి. పన్నెండు నిమిషాల్లో రెండు గదులు, సముద్రం కనిపించేవి. తోడల్లుడు ఒక్క అక్షరం కొట్టలేదు, ఫోన్ చూసుకుంటూ నవ్వుకున్నాడు.

పక్కనే నాలుగో నంబర్ దగ్గర వంటావిడ నాలుగో పేజీలో ఉంది. తలతిప్పి నా చేతివైపు చూసింది. మళ్లీ ఒంటి వేలితో తన అక్షరాలు వెతుక్కుంది. ఒక్క మాట అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని.

మార్చి 8

ఇంట్లో ఆయన అన్నారు, అలా కడుగుతూ పోతే చేతులు అరిగిపోతాయని. అరగనీ.

మార్చి 11

వంటావిడ ఎనిమిదో పేజీ దాకా వచ్చింది. అక్కడ ఫోటో పెట్టాలి. ఫోటో సైజు ఎక్కువైంది. నేను మూడడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి, ఎడమ పక్క నొక్కు, ఎడమంటే ఎడమ, అన్నం తినేది కాదు రెండోది అని అరిచాను. హాలంతా మావైపు తిరిగింది. మౌస్ ఆవిడ కుడిచేతిలో ఉంది, నేను చెప్పేది మౌస్ మీది ఎడమ బటన్. తప్పు చెప్పింది నేను. అరిచిందీ నేనే.

మూడొందల మందికి రోజూ వండుతాను, గిన్నె ఎప్పుడూ మాడనివ్వలేదు, ఈ ఎలకపిల్ల మాత్రం నా మాట వినట్లేదు అక్కా అని తనే నవ్వింది. స్క్రీన్ మూసుకుంది.

రేపు సెలవు పెట్టడం కుదరదట. ఇంక పదమూడే.

మార్చి 13, సాయంత్రం ఆరు

రాయాలంటే అసహ్యంగా ఉంది.

ఈ రోజే డిజిటల్ సాధికారత సభ. ముఖ్య అతిథి వచ్చి వెళ్లేదాకా కంప్యూటర్లు ఎవరికీ ఇవ్వొద్దన్నారు. వంటావిడ పొద్దున తొమ్మిదికే వచ్చింది. పన్నెండుకల్లా అయిపోతుంది, ఉండు అని నేనే చెప్పాను. నేనే. అతిథి పన్నెండుకి రాలేదు, ఒంటిగంటకి రాలేదు. బయల్దేరారని ఫోన్ వచ్చాక, రెండింటికి, కుర్చీలు ఖాళీగా ఉంటే బాగుండదని సారు నలుగుర్ని కూర్చోబెట్టారు. లబ్ధిదారులట. నాలుగో నంబర్ దగ్గర వంటావిడ.

ఫోటో సైజు బయట తగ్గించుకొచ్చింది, ఈసారి చకచకా కొట్టింది. అతిథి లోపలికొచ్చేసరికి తొమ్మిదో పేజీలో ఉంది. అతిథి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లాడు. నేర్పిస్తున్నట్టు పెట్టండి సార్ అన్నాడు ఫోటోగ్రాఫర్. ఆవిడ చేతి మీద ఆయన చెయ్యి, ఆ చేతి కింద మౌస్. ఇంకొకటి సార్. ఇటు చూడండి సార్. నవ్వమ్మా. ఫ్లెక్స్ సారు పదకొండు సేవలూ ఒక్కొక్కటే వర్ణిస్తున్నారు.

స్క్రీన్ మూలన నాలుగు నిమిషాలు. ఆవిడ ఒకసారి నావైపు చూసింది. పాస్‌వర్డ్ కొట్టడానికి ఐదు సెకన్లు చాలు. నా చేతిలో బొకే ఉంది. సైగ చేసేదాకా పట్టుకుని నిలబడమన్నారు. ఆ దిక్కుమాలిన బొకే టేబుల్ మీద పెట్టడానికి ఎంతసేపు? పెట్టలేదు. స్క్రీన్ మూసుకుంది. ఫ్లాష్ వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడున్నరకి హాలు ఖాళీ అయింది. అప్పుడు పాస్‌వర్డ్ కొట్టి, ఆవిడ పక్కన కూర్చుని మౌస్ పట్టుకున్నాను. జిడ్డు లేదు. నాలుగో నంబర్ మౌస్ అద్దంలా ఉంది. రోజూ వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ సంచిలోంచి గుడ్డ తీసి తుడిచేదట, నేను అసహ్యించుకోవడం మొదటిరోజే కనిపెట్టిందట.

ఆఖరి రోజు కదా, ఊళ్లోవాళ్లంతా అదే సైట్ మీద పడ్డారు. పేజీ పేజీకి పావుగంట తిరిగింది. ఆరో పేజీలో ఉండగా ఐదు అయింది. గడువు ముగిసిందని వచ్చింది. పోన్లే అక్కా అంది. ఆ మాట నాకు అక్కర్లేదు.

మార్చి 19

గేటుకి కొత్త ఫ్లెక్స్. లారీ అంత ఉంది. అతిథి చెయ్యి, వంటావిడ నవ్వు, పైన పెద్ద అక్షరాలతో వెలుగు నిండిన జీవితం అని. వెనక స్క్రీన్ మీద, మీ సమయం ముగిసింది, ధన్యవాదాలు. రోడ్డు అవతలి నుంచి కూడా చదవొచ్చు. ఒక్కరూ చదవలేదు. సారు దాని ముందు సెల్ఫీ దిగారు.

మార్చి 24

వంటావిడ వచ్చింది. కంప్యూటర్ కోసం కాదు.

ఆసుపత్రి పోస్టు కోసం తిరుగుతోందని హాస్టల్లో అందరికీ తెలుసు, పిల్లలు ఫ్లెక్స్ చూశారట. ఉద్యోగం వచ్చిందటగా ఆంటీ, పార్టీ ఎప్పుడని ఒకటే గోల. కొత్త కాంట్రాక్టర్ కూడా చూశాడు. నీకేంటమ్మా, ఆసుపత్రిలో వచ్చేసింది కదా అని ఉంచేవాళ్ల లిస్టులో ఆవిడ పేరు రాసుకోలేదు. రాలేదు బాబూ అంటే, వచ్చిన ఉద్యోగం దాస్తున్నావు అన్నాడట.

నాకు ఉద్యోగం రాలేదని లైబ్రరీ స్టాంపు వేసి ఒక కాగితం ఇస్తావా అక్కా అని అడిగింది.

ఫ్లెక్స్ సారుని అడిగాను. మతి ఉందా, అది మన సక్సెస్ స్టోరీ అన్నారు. మా అందరి మీదా డోకొచ్చింది. అందరిలో నేనే ముందు.

మార్చి 25, ఉదయం తొమ్మిది

ఈ లైబ్రరీ గేటు మీద ఉన్న ఫోటోలోని మహిళకు మా సేవల వల్ల ఏ ఉద్యోగమూ రాలేదని, దరఖాస్తు కూడా వెళ్లలేదని, తప్పు మాదేనని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.

కింద స్టాంపు. నా సంతకం.

టైప్ చేసింది నేను. ప్రింట్ ఆవిడే నొక్కింది. ఎడమ పక్కన.