దూది కింద ఊపిరి

జులై 3, గురువారం

ముక్కులోకి గాలి ఊదే మిషన్ ఇంటికి వచ్చింది. నిద్రలో ఈయన ఊపిరి ఆగి ఆగి వస్తోందని, ఇలాగే వదిలేస్తే గుండె నిలబడదని నెల్లూరు డాక్టరు చెప్పాడు. రోజూ మాస్కు పెట్టుకుని పడుకోవాలి. ముక్కు మీద పెట్టగానే పీకి పారేశాడు. నేనేమన్నా శ్రీహరికోటలో రాకెట్టెక్కతా ఉండానా, తీసకపోయి వాళ్లకియ్ పో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మాస్కును మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

జులై 4, శుక్రవారం

తప్పు చేశాను. రబ్బరు వాసన పోతుందని, జుమ్మా నమాజుకు చెవిలో పెట్టుకునే అత్తరు దూదితో మాస్కు తుడిచాను. తొడిగిన మరుక్షణం ఈయన గోడకు జరిగి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. మయ్యత్తుకు చేసినట్టు చేస్తివి గదే నూర్జానూ అన్నాడు. శవానికి పెట్టినట్టే దూది, అత్తరు, ముక్కు. నాకు తట్టనే లేదు.

తర్వాత చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పరుపుల కొట్టులో తమ్ముడు హబీబుతో దాగుడుమూతలు ఆడుతుంటే ఏకిన దూది గుట్ట ఇద్దరి మీదా కూలిందట. ఈయన బయటపడ్డాడు. హబీబు రాలేదు. ఇన్నేళ్ళూ జ్వరంతో పోయాడనే అనుకున్నాను. ఆ మాస్కు ముక్కు మీదికొస్తే చాలు, వాడు నా కాలు పట్టుకుంటాడు అన్నాడు.

జులై 5

మాస్కు సబ్బుతో కడిగాను. మళ్ళీ కడిగాను. అత్తరు వాసన పోలేదు. నాకేనేమో.

జులై 8, మంగళవారం

ఆసుపత్రిలో మాస్కు అలవాటు చేయించే రెజీనాకు ఫోన్ చేశాను. పట్టీలు బిగించబాకక్కా, పగటిపూట అన్న చేతికే ఇయ్యి, టీవీ చూస్తా పట్టుకోమను, తీసేది ఆయన ఇష్టంగానే ఉండాల అంది.

ఇచ్చాను. ముఖానికి ఆనించి తీశాడు. కాసేపటికి, నేను అడక్కుండానే, మళ్ళీ ఆనించాడు.

జులై 12, శనివారం

సాయంత్రం అసర్ నమాజయ్యాక, కాపాడమని ఆయతుల్ కుర్సీ చదివి ఈయన ముఖం మీద ఊదాను. వెంటనే మిషన్ వేశాను. అదీ ఊదేదే కదా. మాస్కు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు. హబీబు పోయినంక నేను ఉలిక్కిపడి ఏడస్తా ఉంటే అమ్మ ఇట్నే ఊదేది అన్నాడు. పట్టీ తనే వేసుకున్నాడు.

అల్లా దయ.

జులై 15, ఉదయం

రాత్రంతా పెట్టుకునే పడుకున్నాడు. ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు. అలవాటు తప్పి నాకే నిద్ర పట్టలేదు.

హబీబు కాలు వదిలాడా అని అడిగాను. యాడ వదిలినాడు, పట్టుకొనే ఉండాడు, ఇప్పుడు వాడికి గూడా గాలి అందతా ఉండాది అన్నాడు.

జులై 16

పడక వేసేటప్పుడు ఈయన కాళ్ళ దగ్గర చిన్న దిండు పెట్టాను. ఎందుకని అడగకుండానే కాళ్ళు కాస్త జరిపి చోటిచ్చాడు.