ఉత్తుత్తి రిపోర్టు

తెనాలి,
17 ఆగస్టు 2006

ఇందుమతి అక్కయ్యకు తమ్ముడు భరద్వాజ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. బాపట్లలో నువ్వూ పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. నూనె రాస్తున్నాం గానీ మెట్లు మాత్రం ఎక్కలేకపోతోంది. బడి వాళ్లు నిన్ను మానిపించాక నువ్వు ఖాళీ చేసిన రేపల్లె గదిలోంచి ట్రంకుపెట్టె తెచ్చేశాను. అందులో నువ్వు దిద్దని పిల్లల నోటు పుస్తకాలు ఇరవై దాకా ఉన్నాయి. వాటినేం చెయ్యమంటావో రాయి.

"నాకు క్షయ అని ఎవరు పుట్టించార్రా? నేనెవరికేం చేశాను?" అని అడిగావు. నీతో పనిచేసిన శేషారత్నం గారి మీద అనుమానంతో ఆవిడతో మాటలు మానేశానన్నావు. పోయిన ఆదివారం ఈ సంగతి చెబుదామనే బాపట్ల వచ్చాను. నువ్వు పెసరట్టు వేసి పెట్టావు. చెప్పకుండానే తినేసి వచ్చేశాను. గంట ప్రయాణానికి ఉత్తరం రాస్తున్నది అందుకే.

మా ఆఫీసులో ఒక ల్యాబుకి వెబ్‌సైటు తయారుచేస్తున్నామని చెప్పాను కదా. రోగులు ఎక్కడి నుంచైనా తమ రిపోర్టు చూసుకోవచ్చు. అది దారిలో ఇంకెవరూ చదవకుండా గుప్తంగా పంపే ఏర్పాటు ఒకటుంటుంది. మొదట పెట్టాను కూడా. దానికి కావలసిన సర్టిఫికెట్ బయట కొనకుండా మేం సొంతంగా తయారుచేసుకున్నది కావడంతో, పేజీ తెరిచినప్పుడల్లా 'ఇది నమ్మదగినది కాదు' అని హెచ్చరిక వచ్చేది. ల్యాబు డాక్టరు గారు హడలిపోయారు. "ఇంకా కడుతున్న ఇంటికి తాళం ఎందుకయ్యా? తీసెయ్, చివర్లో పెడదాం" అన్నారు మా సారు. తీసేశాను.

పరీక్షించి చూడటానికి ఉత్తుత్తి రోగులు కావాలి. పేర్లు ఆలోచించడానికి బద్ధకించి మన ఇంట్లోవాళ్లవే కొట్టాను. అమ్మకి షుగరు, నాకు కామెర్లు. నీకు క్షయ. నీ వయసు, రేపల్లెలో నీ వీధి పేరుతో సహా. నవ్వుకుంటూ కొట్టానక్కా.

జూన్‌లో రేపల్లెకి నీ దగ్గరికి వచ్చినప్పుడు, బయటి ఊరి నుంచి నీ ఉత్తుత్తి రిపోర్టు తెరుచుకుంటుందో లేదో చూద్దామని అక్కడి సాయిబాబు నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఆ సెంటర్ లైన్లో పోయేదంతా చదివే ప్రోగ్రాం ఒకటి అతని దగ్గరుంది. మొన్న వెళ్లి నిలదీస్తే దాచలేదు.

"చూశానండి. మా పాప ఆవిడ క్లాసేనండి. భయమేసి నలుగురికీ చెప్పానండి. మీరైతే ఊరుకుంటారా ఏంటి?" అన్నాడు.

అక్కడి నుంచే మీ హెడ్‌మాస్టరు గారి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. "తమ్ముడివి కదా బాబూ, అక్క కోసం ఆ మాత్రం చెప్తావులే" అన్నారు. ఏ జబ్బూ లేదని నువ్వు తీయించి చూపించిన ఎక్స్‌రేనే నమ్మని మనుషులు నా మాట మాత్రం ఏం నమ్ముతారు? ఆ ఉద్యోగం నీకు తిరిగి ఇప్పించడం నా వల్ల కాదు.

నీ గురించి ఆ మాట విన్న రోజే నాకు అర్థమైంది. అయినా నెల రోజులు నోరు మూసుకున్నాను. నువ్వు ఏడుస్తూ శేషారత్నం గారిని తిడుతుంటే పక్కన కూర్చుని విన్నాను. దానికంటే పెద్ద తప్పు నేను చేయలేదు. ఇది చదవగానే ఆవిడకి ఫోన్ చెయ్యక్కా. నువ్వు మాటలు మానెయ్యాల్సింది నాతో.

ఇట్లు,
నీకు అపకారం చేసిన తమ్ముడు,
భరద్వాజ