గ్రాముకు ఎన్ని జౌళ్లు?

మంగళగిరి,
5–5–1997

గుణదల పరీక్షల ఆఫీసు పెద్దలకు,

అద్దకం చౌడయ్య నమస్కరించి వ్రాయునది. నూలుకు ఎర్ర రంగు అద్దే పని మాది. ఫాస్ట్ సాల్ట్ అనే పొడి నీళ్లలో కలిపి నూలు ముంచితే రంగు పట్టుకుంటుంది. ఆ పొడి రెండు డ్రమ్ములు చీరాలలో మా బావమరిదికి పంపుదామని బెజవాడ లారీ పార్శిల్ ఆఫీసుకు తీసుకెళ్లాను. గుమాస్తా అంతోని గారు డ్రమ్ము మీద చీటీ చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇది పేలే సరుకండీ! పేలదని కాగితం తెస్తేగానీ ఎక్కించను" అన్నారు.

పదకొండేళ్లుగా వాడుతున్నాను. చేతులు ఎర్రబడ్డాయిగానీ ఒక్క వేలూ ఎగిరిపోలేదు. చీరాలలో రంగు లేక మగ్గాలు ఆగిపోయాయి. ఆ కాగితం వెంటనే ఇప్పించగలరు.

ఇట్లు,
చౌడయ్య

తా.క.: మీకు ఇబ్బంది లేకుండా ఒక డ్రమ్ము మొత్తం మీ వరండాలో దింపించాను.


గుణదల,
8–5–1997

చౌడయ్య గారికి,

నమస్తే. ఇక్కడ పరీక్షలు చేసేది నేనే. మీ డ్రమ్ము అందింది. తలుపుకు అడ్డంగా ఉంది కాబట్టి అందకుండా ఉండే అవకాశం లేదు.

మాకు కావలసింది మూడు మిల్లీగ్రాములండీ. చొక్కా గుండీ అంత గిన్నెలో వేసి, మూత బిగించి, మిషన్లో నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేడి చేస్తాం. పొడి తనంతట తాను వేడి కక్కుతుందా, ఎన్ని డిగ్రీల దగ్గర మొదలుపెడుతుంది, ఎంత కక్కుతుంది అన్నది గీతగా వస్తుంది. పేలే గుణం ఉండే అవకాశం ఉందో లేదో దాన్నిబట్టి చెప్తాం. పది రోజులు పడుతుంది. చిటికెడు తీసుకున్నాను, మిగతాది దయచేసి తీసుకుపోండి.

భవదీయురాలు,
నఫీసా

తా.క.: మా వాచ్‌మన్ లాజరు దాని మీద కూర్చుని బీడీ ముట్టించబోయాడు. ఇప్పుడు చుట్టూ సున్నంతో గీత గీశాం.


మంగళగిరి,
12–5–1997

నఫీసా గారికి,

నమస్కారం. డ్రమ్ము తెచ్చుకున్నాను. మూడు మిల్లీగ్రాములా అమ్మా? కూరలో ఉప్పు చూడ్డానికి కూడా మా ఆవిడ అంతకంటే ఎక్కువ నాలిక మీద వేసుకుంటుంది. పైగా నిమిషానికి పది డిగ్రీలా? బెజవాడ ఎండ కూడా అలా ఎక్కదు!

పది రోజులు ఆగడం నా వల్ల కాదు. మా షెడ్డులో గంజి కాచే పొయ్యి ఉంది. ఈ లక్ష్మివారం పొద్దున్నే పెద్దమనుషుల ఎదురుగా డ్రమ్మునే పొయ్యి ఎక్కిస్తాను. ఏమీ కాలేదని పదిమంది చేత సంతకాలు పెట్టించి పంపుతాను. మీరు కింద ముద్ర వేస్తే చాలు.

ఉంటాను,
చౌడయ్య

తా.క.: మీరూ రావచ్చు. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను.


టెలిగ్రాం
14–5–1997

డ్రమ్ము పొయ్యి ఎక్కించవద్దు. ఎవరూ దగ్గరికి వెళ్లవద్దు. నఫీసా.


మంగళగిరి,
16–5–1997

అమ్మా నఫీసా గారూ,

ఎంత పని చేశారండీ! ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే ఏమనుకుంటారు? కాగితం చూడగానే మా ఆవిడ చౌడేశ్వరమ్మ "ఎవరు పోయారయ్యో" అని శోకాలు మొదలుపెట్టింది. వీధంతా వచ్చేసింది. పక్కింటి కరిముల్లా ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, "డ్రమ్ము గురించమ్మా" అన్నాడు. "డ్రమ్మయ్యా! ఏ ఊరాయన? మంచాడేనా?" అని మళ్లీ ఏడుపు.

ఆ గొడవలో పొయ్యే ముట్టించలేదు. పెద్దమనుషులు కాఫీలు తాగి, నన్ను ఓదార్చి వెళ్లారు.

ఇట్లు, విసిగిపోయిన
చౌడయ్య

తా.క.: చీరాల నుంచి మా బావమరిది పరామర్శకు బయలుదేరాడట.


గుణదల,
20–5–1997

చౌడయ్య గారికి,

నమస్తే. పరీక్ష అయింది. మీ పొడికి గ్రాముకు 640 జౌళ్లు వచ్చాయి. హద్దు 500. పూర్తి రిపోర్టు తరవాత పంపుతాను.

నఫీసా

తా.క.: అపార్థాలకు చోటు లేకుండా ఈసారి క్లుప్తంగా రాశాను.


మంగళగిరి,
23–5–1997

తల్లీ నఫీసా గారూ,

మీ చేతి చలవ! గ్రాముకు ఆరువందల నలభై జౌళ్లా! ముప్ఫై ఏళ్లుగా జౌళి పనిలో ఉన్నాను, గ్రాము పొడితో ఒక్క తువ్వాలుకు కూడా సరిగా రంగు పట్టించలేకపోయాను. మీరు గుండీ అంత గిన్నెలో ముంచి ఆరువందల నలభై బట్టలు తేల్చారు! హద్దు దాటి నూట నలభై ఎక్కువ కూడానూ. వీధంతా లడ్డూలు పంచాను. మీ ఉత్తరం షెడ్డు గోడకు అంటించాను.

సంతోషంతో,
చౌడయ్య

తా.క.: ఇంత విలువైన సరుకు కదా, చెమ్మ తగలకుండా రెండు డ్రమ్ములూ గంజి పొయ్యి పక్కకు జరిపించాను.


గుణదల,
26–5–1997

చౌడయ్య గారూ,

అయ్యా, జౌళి కాదు, జౌల్! వేడిని కొలిచే కొలత! నేను ఒక్క బట్టా ముంచలేదు. అయిదువందలు దాటడమంటే గెలవడం కాదు. పేలే గుణం లేదని చెప్పడానికి వీల్లేదు, ఇంకా పెద్ద పరీక్షలు చేయాలి అని దాని అర్థం. మీ పొడి నూట నలభై డిగ్రీల దగ్గరే వేడి కక్కడం మొదలుపెట్టింది. నా దగ్గరున్నది మూడు మిల్లీగ్రాములు. డ్రమ్ములో అయితే లోపలి వేడికి బయటికి పోయే దారి ఉండదు, ఇంకా తక్కువ వేడికే మొదలవుతుంది. మీకు కోపం వచ్చినా సరే, ఈ క్షణమే వాటిని పొయ్యికి దూరంగా, నీడకు తీయించండి.

ఈ ఉత్తరం లాజరు చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. మీరు డ్రమ్ములు జరిపించేదాకా అతను అక్కణ్ణించి కదలడు.

నఫీసా

తా.క.: గోడ మీది ఉత్తరం చింపేయండి. బతిమాలుకుంటున్నాను.


మంగళగిరి,
9–6–1997

అమ్మాయ్ నఫీసా,

ఆశీస్సులు. లాజరు వచ్చేసరికి పొయ్యి మీద గంజి కుతకుతలాడుతోంది. డ్రమ్ము మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ముందు పొయ్యి ఆర్పి, మేమిద్దరమే దొర్లించి పెరట్లో నీడకు చేర్చాం. పొయ్యి వెనక గోడకు అవతలే మా ఆవిడ మంచం. పదకొండేళ్లుగా అక్కడే పడుకుంటోంది. ఆ పూట నాకు అన్నం దిగలేదమ్మా. సరుకు అమ్మిన కంపెనీకి రాస్తే వాళ్ల మనుషులొచ్చి డ్రమ్ములు తీసుకెళ్లారు. బావమరిదికి వేరే రంగు దొరికింది, మగ్గాలు ఆడుతున్నాయి.

మంచి మాట చెప్పి ప్రాణాలు కాపాడారు కదా అని, అంతోని గారికి దణ్ణం పెట్టి వద్దామని నిన్న పార్శిల్ ఆఫీసుకు వెళ్లాను. ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని కొత్త కళ్లద్దాలతో కూర్చున్నారు.

"ఫాస్ట్ సాల్ట్ పేలుతుందని మీకు ఎలా తెలిసిందండీ?" అన్నాను.

"ఫాస్టా? నేను బ్లాస్ట్ సాల్ట్ అని చదివానండీ! కళ్లు మసకలు కదా. ఫాస్టని నోటితో చెప్తే ఆ రోజే ఎక్కించేవాణ్ణి!" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. అక్కడే కూర్చుని గిన్నె, మూత, గీత, జౌళ్లు అన్నీ గంటసేపు ఆయనకు వివరంగా చెప్పాను. బాగా అర్థమైనట్టుంది. ఇవాళ పొద్దున్నుంచి ఆయన మీ కాగితం లేకుండా ఒక్క పార్శిలూ తీసుకోవడం లేదట. జనం నా మీద పడ్డారు. మీ చిరునామా ఇవ్వక తప్పలేదు. ఇప్పటికి ఇరవై ముగ్గురు గుణదల బస్సెక్కారు.

నీ మేలు మరువని
చౌడయ్య బాబాయి

తా.క.: అందరికంటే ముందు ఆవకాయ జాడీతో మా వీధి పద్మావతమ్మ గారు వస్తారు. జాడీ సంగతి నువ్వు చూసుకుంటావు. ఆవిడ ఎన్ని డిగ్రీల దగ్గర మొదలుపెడతారో మాత్రం నాకు తెలీదు.