మూడో బొమ్మ

18 అక్టోబరు 1986, శనివారం
ఫార్మింగ్టన్ హిల్స్

ఇవాళ నలుగురిలో మా ఆయన నోరు మూయించాను. ఇండియా నుంచి ఒక్కదాన్నే వస్తూ సియోల్‌లో రెండు రోజులు ఆగినప్పుడు నేను హోటల్ గది దాటలేదని డిన్నర్‌కి వచ్చిన వాళ్లందరికీ చెప్పారు. "ఏడో క్లాసు ఇంగ్లీషుతో ఒంటరిగా విమానమెక్కి చాండ్లర్ వెళ్తుందట, చెల్లెల్ని చూడ్డానికి! రేపే టికెట్ క్యాన్సిల్ చేస్తా" అన్నారు.

నేను ఫోటో తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. సియోల్ మ్యూజియంలో కొరియా బట్టలు కట్టిన నిలువెత్తు బొమ్మలు నాలుగు.

"ఏ బొమ్మ బాగుందండీ?"

"మూడోది. కళగల మొహం. ఎదురు మాట్లాడేలా లేదు."

డిన్నర్‌కి వచ్చిన సుజాత ఫోటో లాక్కుని చూసింది. "అన్నయ్యగారూ, కొరియా బొమ్మకి మన ముక్కుపుడక ఏంటండీ? ఇది వదినే!"

మ్యూజియంలో అద్దెకిచ్చే బట్టలు కట్టుకుని, బొమ్మల వరసలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను మరి. బడిపిల్లలు గిల్లి చూసినా కదిలితే ఒట్టు.

అందరూ విరగబడి నవ్వుతుంటే, "వెళ్లిరా తల్లీ" అన్నారు ఆయన.

సియోల్‌లో ఆ సాయంత్రం సంతలో దారి తప్పి ఏడ్చిన సంగతి మాత్రం చెప్పలేదు. హోటల్ పేరున్న అగ్గిపెట్టె చూపిస్తే, ఎండుమిరపకాయలు అమ్మే ముసలమ్మ కొట్టు వదిలేసి, నా చెయ్యి పట్టుకుని, వాళ్ల భాషలో తిడుతూనే గుమ్మం దాకా దిగబెట్టింది. చాండ్లర్‌లో అలాంటి మనిషి దొరుకుతుందో లేదో...

అగ్గిపెట్టె ఇంకా పర్సులోనే ఉంది. అక్కడ పనికిరాదు గానీ, తీసుకెళ్తాను.