వాపు మీద నెపం

మబ్బులకు పైఅధికారిణి, గాలివానలకు గుమాస్తా, నాకు మాత్రం భార్య అయిన నీకు,

ముందుగా ఒక గంభీరమైన ప్రకటన. నా కింది దవడ ఎముకలో ఒక తిత్తి కాపురం పెట్టింది. అడగలేదు, చెప్పలేదు. పన్ను నొప్పని వెళ్తే ఎక్స్‌రేలో బయటపడింది. ప్రాణం మీదకు తెచ్చేది కాదు గానీ, ఉంచితే ఎముకను తినేస్తుందట. వచ్చే సోమవారం దవడల సర్జన్ మేడమ్ దాన్ని ఖాళీ చేయిస్తారు. ఎముక పలచబడింది కాబట్టి ఆ తర్వాత రెండు వారాలు పైపళ్ళనీ కిందిపళ్ళనీ రబ్బర్లతో బిగించేస్తారు. నేను మాట్లాడకుండా రెండు వారాలు. ఈ మాట విన్నప్పటి నుంచి మీ అన్నయ్య ముఖంలో కళే వేరు. తోడుండడానికి సెలవు పెట్టి మరీ వచ్చి మన ఇంట్లో దిగారు.

ఒక్క విషయం. నెలాఖరుకి నువ్వు సెలవు మీద వచ్చేసరికి నా మొహం బంతిలా ఉంటుంది. ఆపరేషన్ వాపు. కొందరికి తగ్గడానికి నెలలు పడుతుందట. భయపడకు. నువ్వు ‘గుర్రమొహం’ అని పిలిచి మరీ పెళ్ళాడిన ఆ కోలమొహం లోపల ఎక్కడో క్షేమంగా ఉంటుందని నమ్ము.

మంచానికి నీ వైపు నేను పడుకోవడం లేదు. అక్కడ ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు పడుకుంటున్నాయి. అవి కూడా నీ గురించే అడుగుతున్నాయి.

నీ గుర్రమొహం


నీకు,

ఈసారి బిరుదులు లేవు. ఆసుపత్రి మంచం మీద అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. తిత్తి వెళ్ళిపోయింది. దానికంటే ముందు నేను వెళ్ళబోయాను. కంగారు పడకు, ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇది చదివాక నువ్వు నన్నేం చేస్తావన్నదొక్కటే మిగిలింది.

నా మొహం ఆపరేషన్‌కి ముందే గుండ్రంగా ఉంది. ఏడు నెలలుగా.

వాతావరణ కేంద్రంలో చేరడానికి నువ్వు ఫోన్ అందని ఆ దీవికి వెళ్ళిన మూడో వారంలో, పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టింది. కీళ్ళ జబ్బన్నారు, స్టెరాయిడ్ మాత్రలు రాశారు. గుండీలు పడ్డాయి, మొహం ఉబ్బింది. నీకు చెబితే మొదటి పడవకే తిరిగొచ్చేస్తావు. ఆ ఉద్యోగం కోసం మూడేళ్ళు వంటింటి గోడనిండా మబ్బుల బొమ్మలు అంటించుకుని చదివావు. అందుకని చెప్పలేదు. ఇది నేను చాలా రోజులుగా చెక్కి నునుపు చేసుకున్న కారణం. రెండోది ఇంత అందంగా ఉండదు. ఆ కోలమొహాన్ని నువ్వెలా చూసేదానివో నాకు తెలుసు. ఇప్పటి దాన్ని ఎలా చూస్తావో తెలియదు. ఫోటో అడిగినప్పుడల్లా పాతవే పంపాను. సాయంత్రాలు ఆ ఫోటోతో కబుర్లు చెబుతున్నానని నువ్వు రాశావు. నా ఫోటో మీద నాకే అసూయ పుట్టింది.

అందుకే తిత్తి బయటపడగానే లోలోపల ఎగిరి గంతేశాను. నువ్వు వచ్చేలోపు ఆపరేషన్ అయిపోతే నెపమంతా వాపు మీదకు తోసేయొచ్చు. తేదీ నేనే బతిమాలి ముందుకు జరిపించాను. తీరా మేడమ్, వాపు గురించి దిగులు పడొద్దన్నారు. అది తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారట, పది రోజుల్లో మామూలైపోతానట. నా మొహాన్ని ఉబ్బించిన మందే వచ్చి నా అబద్ధాన్ని తగ్గించబోతోంది. ఇంత మంచి జోకు ఎవరికీ చెప్పుకోలేక ఒక్కడినే నవ్వుకున్నాను.

చేర్చుకునేటప్పుడు నర్సు ఒక కాగితం ఇచ్చింది, రోజూ వాడే మందులేమిటని. పక్కనే మీ అన్నయ్య కళ్ళజోడు సర్దుకుని మరీ చదువుతున్నారు. ఆయనకు తెలిస్తే వచ్చే పడవ టపాలోనే నీకు తెలుస్తుంది. ‘లేవు’ అని రాశాను. ఆయన ఇంట్లో దిగినప్పటి నుంచి మాత్రలు చెప్పుల పెట్టెలో దాచి, తీసే సందు దొరక్క మూడు రోజులు మానేశాను కూడా. మాత్రలు మానితే మొహం కాస్త తగ్గుతుందేమోనన్న దురాశ కూడా ఉంది, దాచను.

సోమవారం పొద్దున ఆపరేషన్ గది ముందు చక్రాల కుర్చీలో కూర్చున్నాను. గోడ నా మీదకు వాలింది. తర్వాత నేనే నేల మీద ఉన్నాను. కళ్ళు తెరిస్తే మేడమ్ నా మోచేతి మీద కమిలిన మచ్చలు చూస్తున్నారు, తర్వాత నా బుగ్గలు చూశారు.

“స్టెరాయిడ్ ఎన్నాళ్ళుగా వాడుతున్నావు?”

నేను ఏదో చమత్కారం మొదలుపెట్టాను.

“జోకు తర్వాత. ముందు మందు పేరు చెప్పు, ఎప్పుడు ఆపావో చెప్పు.”

చెప్పాను. ఆ మందు నెలల తరబడి వాడితే, ఒంట్లో అలాంటి దాన్నే తయారుచేసే గ్రంథులు మనకెందుకులే అని పని మానేస్తాయట. హఠాత్తుగా ఆపేస్తే, అందులోనూ ఆపరేషన్ ముందు, ఒంటిని నిలబెట్టడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ కాగితం. సెలైన్, ఇంజక్షన్లు ఇచ్చి, రెండు రోజులు ఆపి, ఆ మందు తగినంత ఎక్కిస్తూ బుధవారం తిత్తి తీశారు.

మాత్రలెక్కడున్నాయో నా చేత చెప్పించుకుని, మీ అన్నయ్య ఆ సోమవారమే ఇంటికెళ్ళి చెప్పుల పెట్టె తెచ్చి నా మంచం పక్కన పెట్టారు. సాయంత్రం అన్నారు, “నేను దానికి చెప్పను. నువ్వే రాయి బావా.”

మేడమ్ మాట నిలబెట్టుకున్నారు. వాపు తగ్గిపోతోంది. మిగిలిన గుండ్రమంతా నాదే. మాత్రలు మెల్లమెల్లగా తగ్గిస్తారట, మొహం ఎప్పటికి పూర్వంలా అవుతుందో చెప్పలేమన్నారు. నువ్వు రాకముందే తెలిస్తే మంచిదని రాశాను. నువ్వు రావాలని రాశాను.

నేను


దవడ కట్టేయించుకున్న ఆయనకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ వేళ్ళ కోసం, రెండోసారి కోపంతో. మూడోసారి ఎందుకో నాకే తెలియదు.

ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తాననుకున్నావు. రాను. సెలవుకి వస్తాను, అయిపోగానే తిరిగి వెళ్తాను. అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. ప్రతి వారం ఇక్కణ్ణుంచే తిట్టి మాత్రలు మింగించేదాన్ని. నా బదులు నువ్వే ఆలోచించేసి, నువ్వే త్యాగం చేసేసి, చెప్పుల పెట్టెలో పెట్టావు.

నీకు గుండీలు పడని రోజుల్లో నేనిక్కడ నీ ఫోటోకి, కిటికీ మీద వాలే పిట్ట సంగతి చెబుతూ కూర్చున్నాను. ఇన్ని నెలలు నేను బెంగ పెట్టుకున్నది ఒంట్లో ఏ నొప్పీ లేని మనిషి మీద. నీ మీద పెట్టుకోవాల్సిన బెంగ అంతా ముట్టుకోకుండా అలాగే ఉంది. దాన్నేం చెయ్యమంటావో చెప్పు.

గురువారం పడవకి వస్తున్నాను. అన్నయ్యని రావద్దన్నాను. రేవులో అంత మందిలో నిన్ను నేను గుర్తుపట్టకపోవచ్చు. పక్కకు తప్పుకోకు. నోరు కట్టేసినా కాళ్ళు నడుస్తున్నాయిగా, నువ్వే నా దగ్గరికి రా. నువ్వు వచ్చేదాకా మెట్ల దగ్గర నిలబడే ఉంటాను.

నీ మనిషి